పది రోజుల కోర్సు నుంచి వచ్చాక ఇంట్లో ఆ ఎరుక నిలవడం లేదు, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

లెక్కల_పద్మ | గుంటూరు | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరంతా రాసేవి చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తాను. సంక్రాంతి సెలవులకి ఇంకొన్ని లీవులు కలుపుకుని విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సుకి వెళ్లొచ్చాను. పండగ పూట ఇల్లు వదిలి ఎక్కడికి పోతావని అత్తగారు సాగదీశారు, అది వేరే సంగతి.

అక్కడ బాగానే జరిగింది. బాగానే అంటే మొదట్లో నరకమే. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఫోన్ ముందే ఇచ్చేయాలి, పక్కమనిషితో మాట కాదు కదా సైగ కూడా చేయకూడదు, మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాస వస్తోందా పోతోందా అని చూడటమే పని. నడుం విరిగిపోయింది. కానీ ఏ ఆరో రోజో ఏడో రోజో మధ్యాహ్నం భోజనం చేసి ప్లేటు కడుక్కుంటున్నాను, కుళాయి నీళ్లు మణికట్టు మీద పడి మోచేతి దాకా చల్లగా జారుతున్నాయి, స్టీలు ప్లేటు అంచుకి ఒక మెతుకు అంటుకుని ఉంటే గోటితో తీస్తున్నాను. అంతే. తల్లో ఇంకో మాట లేదు. నాకు నలభై దాటాయి, ఊహ తెలిశాక అలా ఒక్క పని దగ్గర పూర్తిగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చిన కొత్తలో బాగుంది. ఇప్పుడు ఫిబ్రవరి, ఆడిట్ వాళ్లు కాగితాలు అడుగుతున్నారు, మా వాడికి ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు, ఇంటి లోను ఉండనే ఉంది. పొద్దున్నే కూర్చుంటే కళ్లు మూసింది మొదలు ఫీజు బకాయిల లిస్టే కనిపిస్తోంది.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. రోజంతా ‘ఇప్పుడు వర్తమానంలో ఉన్నానా, లేనా’ అని చూసుకోవడమే ఒక టెన్షన్ అయిపోయింది. మా ఆయన ఏదన్నా అంటే ఇదివరకు తిరిగి అనేదాన్ని. ఇప్పుడు ఒంట్లో ఎక్కడ వేడిగా ఉంది, గుండె ఎలా కొట్టుకుంటోంది అని చూస్తూ కూర్చుంటున్నాను, నోరు మెదపడం లేదు. మొన్న ఆయన, "నీతో పోట్లాడే అవకాశం కూడా లేకుండా పోయిందే" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ ముఖంలో నవ్వు లేదు.

కోర్సు చేసినవాళ్లు, ఇంకే దారిలో అయినా ఉన్నవాళ్లు, ఇల్లూ ఉద్యోగాల మధ్య దీన్ని ఎలా నడిపిస్తున్నారో చెప్పండి.

డల్లాస్_కిరణ్

పద్మ గారూ, ప్లేటు కడుక్కున్న సంగతి చదివి నాకు మా కోర్సు గుర్తొచ్చింది, నాకైతే అది చెప్పులు విప్పేటప్పుడు జరిగింది. తర్వాత ఇక్కడికి తిరిగొచ్చి ఆన్‌కాల్ డ్యూటీలో పడ్డాక, రాత్రి రెండింటికి పేజర్ మోగితే ఎరుకా లేదు గిరుకా లేదు, బూతులే. ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు కదా, నాకు సాయంత్రం ఎప్పుడూ కుదరదు. పొద్దున్న మాత్రం వదలను. అందులో కూడా ముప్పావు వంతు టికెట్లూ మీటింగులే తిరుగుతుంటాయి. అయినా లేచేసరికి ఏదో తేడా ఉంటుంది, ఏమిటని అడిగితే చెప్పలేను, మా ఆవిడ మాత్రం కూర్చోని రోజున వెంటనే పట్టేస్తుంది.

పిరమిడ్_శీను

పద్మ మేడమ్, ఇంత కష్టం అక్కర్లేదు. పిరమిడ్ ధ్యానం నేర్పిన పత్రీజీ చెప్పింది ఒక్కటే, శ్వాస మీద ధ్యాస. వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోండి, చేతులు కలపండి, కళ్లు మూయండి, అంతే. మౌనాలు, గంటలు, నాలుగింటికి లేవడాలు ఏమీ లేవు. ఇంట్లో సోఫాలో కూర్చుని చేసుకోవచ్చు. మా వాట్సాప్ క్లాసు రోజూ ఉంటుంది, లింకు పెడుతున్నా

మోడరేటర్

శీను గారూ, లింకు తీసేశాను. మీ అనుభవం రాయండి, క్లాసుల ప్రచారం వద్దు. అన్ని పద్ధతుల వాళ్లకీ ఇదే మాట.

పిరమిడ్_శీను

సరే సార్, సారీ. అనుభవమే రాస్తా. నాకు ఆటో ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, రోజంతా జనం తిడతారు. సాయంత్రం ఆ తిట్లన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడిని. ఇప్పుడు బండి ఆపి హెల్మెట్ తియ్యకుండానే అందులో నా ఊపిరి చప్పుడు వింటా, ఐదు నిమిషాలు. తర్వాతే మెట్లెక్కుతా. ఏ పద్ధతి అయినా నాకు అభ్యంతరం లేదు కానీ మేడమ్ మొదటి నుంచే కష్టమైనది పట్టుకున్నారని అనిపించింది.

ప్రశ్నార్థకం

ఎవరూ అనుకోకపోతే ఒక మాట. ఈ ‘వర్తమానంలో బతకండి’ అనేది కడుపు నిండినవాళ్ల మాటలా ఉంటుంది నాకు. మా నాన్న రైతు. జూన్‌లో వాన పడకముందే విత్తనాలకి అప్పు తేవాలి, పత్తి వేయాలా మిర్చి వేయాలా అని ఏప్రిల్ నుంచే బుర్ర బద్దలు కొట్టుకోవాలి. ఆయన్ని ఈ క్షణంలో ఉండమంటే ఊరంతా నవ్వుతుంది. అసలు స్టేజీ మీద ఈ మాట చెప్పే పెద్దమనుషులకే వచ్చే ఏడాది డేట్లన్నీ ముందే బుక్ అయిపోయి ఉంటాయి.

పద్మ గారికి ఆడిట్ ఉంది, లోను ఉంది, పిల్లాడి పరీక్షలున్నాయి. వాటి గురించి ఆలోచించడం మామూలు మనిషి లక్షణం. దాన్ని జబ్బు అనుకుని పది రోజులు లీవు పెట్టి పోగొట్టుకోవాలా?

సుబ్బరాయ_మాస్టారు | అమలాపురం

తల్లీ పద్మా, ముందు నీకు జవాబిచ్చి తర్వాత ఆ ప్రశ్నార్థకం అబ్బాయి సంగతి చూస్తాను.

మనసు నిలవడం లేదన్నావు. నిలిస్తే ఆశ్చర్యపోవాలి గానీ నిలవకపోతే ఏముంది? గీత ఆరో అధ్యాయంలో అర్జునుడంతటివాడు ఇదే మొర పెట్టుకున్నాడు, ఈ మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టంగా ఉంది స్వామీ అని. కృష్ణుడు దానికి "అలా ఏం కాదు" అనలేదు. నిజమే, కష్టమే అని ఒప్పుకుని, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టుబడుతుంది అన్నాడు. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందు తిండీ, నిద్రా, పనీ అన్నీ తగిన మోతాదులో ఉండాలని చెప్పాడు, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మార్చి దాకా రాత్రి పన్నెండింటి వరకు లెక్కలు చూసి నాలుగింటికి లేచి ధ్యానానికి కూర్చుంటే వచ్చేది ధ్యానం కాదు, కునుకు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావో ముందు అది చెప్పు.

ఇక బాబూ ప్రశ్నార్థకం, మీ నాన్నగారు ఏప్రిల్‌లో కాగితం మీద లెక్క వేసుకోవడాన్ని ఎవరూ కాదనరు. ఆ లెక్క అయిపోయాక అదే లెక్కని పక్క మీద దొర్లుతూ, అన్నం తింటూ, మనవడు ఏదో చెప్తుంటే వినకుండా, వందసార్లు వేయడం ఉంది చూశావా, దాని గురించే ఈ గోలంతా. మొదటి దానితో పంట వస్తుంది. రెండో దానితో బీపీ వస్తుంది. నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్నార్థకం

మాస్టారూ, మొదటి దానికీ రెండో దానికీ గీత ఎక్కడ గీస్తారు? ఆలోచించేటప్పుడు ఇది పనికొచ్చేదో పనికిరానిదో ముందే తెలియదు కదా.

మదనపల్లె_కుర్రోడు

ఈ ప్రశ్న మా ఊరాయనే అడిగాడు భయ్యా. జిడ్డు కృష్ణమూర్తి, 1895లో మదనపల్లెలో పుట్టాడు. జగద్గురువు అవుతాడని ఆయన కోసం పెద్ద సంస్థ పెట్టి వేలమంది కాచుకుని కూర్చుంటే 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో సభ పెట్టి అందరి ముందూ ఆ సంస్థనే రద్దు చేసేశాడు. ఆయన కాలాన్ని రెండుగా చెప్పేవాడు. గడియారం కాలం ఒకటి, రైలెక్కడానికీ విత్తనం వేయడానికీ భాష నేర్చుకోవడానికీ అది కావాలి, దానితో తగాదా లేదు. రెండోది మనసు తయారు చేసుకునే కాలం. ఇవాళ నేను కోపిష్టిని, సాధన చేసి రేపు శాంతమూర్తిని అవుతా అనుకోవడం అన్నమాట. ఆ ‘రేపు’ చూపించి ఇవాళ్టి కోపాన్ని చూడకుండా తప్పించుకుంటాం అంటాడు.

పద్మ అక్కా, నీకు జరుగుతున్నది నాకు అలాగే కనిపిస్తోంది. ‘వర్తమానంలో ఉండే పద్మ’ అని ఒక బొమ్మ తయారు చేసుకుని రోజంతా దానితో పోల్చుకుంటున్నావు. పోల్చడం మానేసి చూడు, టెన్షన్‌లో ఉంటే టెన్షన్‌లో ఉన్నట్టు చూడు, చాలు. పద్ధతుల జోలికి పోతే ఇదే గొడవ అని ఆయన చివరిదాకా చెప్తూనే ఉన్నాడు.

ఆయన పెట్టిన రిషివ్యాలీ స్కూల్లో సాయంత్రం పిల్లలంతా అస్తాచల్ అని కొండ మీద కూర్చుని సూర్యుడు దిగిపోవడం చూస్తారు, మాట్లాడరు. మా కజిన్ అక్కడ చదివాడు. ఏం నేర్పుతార్రా అక్కడ అని అడిగితే "ఏమీ నేర్పరు, కూర్చుంటాం, దోమలు కుడతాయి" అన్నాడు. ఇప్పుడు ముప్పై దాటాయి వాడికి, ఎక్కడున్నా సాయంత్రం ఓ పది నిమిషాలు బయటికొచ్చి నిలబడతాడు.

పాత_సాధకుడు_హైద్

కుర్రోడు గారూ, పద్ధతే వద్దంటే మాలాంటివాళ్లం ఎక్కడికి పోవాలి సార్, మాకు చూడటమే చేతకాదు, ఎవరో ఒకరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పాలి.

పద్మ గారూ, నేను అప్పుడప్పుడూ కోర్సుల్లో సేవకి వెళ్తుంటాను. రెండు విషయాలు చెప్పాలి మీకు. ఒకటి, రోజంతా ఒంట్లో సంవేదనలు చూస్తూ తిరగమని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆఖరి ప్రవచనం గుర్తు చేసుకోండి. పని చేసేటప్పుడు మనసంతా పని మీదే పెట్టాలి, ఆ సమయానికి అదే మీ ధ్యానం, ఖాళీ దొరికితే అయిదు నిమిషాలు లోపలికి చూసుకోవాలి అని ఈ కోర్సులు మొదలుపెట్టిన గురువు గోయెంకాజీ స్పష్టంగా చెప్తారు. మీరు లెడ్జరు చూస్తూ మోకాలు ఎలా ఉందో చూస్తున్నారు, రెండూ కావు. పొద్దున గంట, సాయంత్రం గంట, పడుకునే ముందు అయిదు నిమిషాలు, లేవగానే అయిదు నిమిషాలు, వారానికోసారి పదిమందితో కలిసి కూర్చోవడం, ఇంతే వాళ్లు చెప్పేది.

రెండోది మీరు అకౌంట్స్‌లో ఉన్నారన్నారు కాబట్టి. గోయెంకాజీకి నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ సన్యాసి కాదు. స్వతంత్ర బర్మాకి మొట్టమొదటి అకౌంటెంట్ జనరల్, 1948లో ఆ పదవిలోకి వచ్చారు. పెళ్లాం పిల్లలు ఉన్నవాడు. ఆఫీసులోనే ఒక గదిలో ఉద్యోగులకి ధ్యానం నేర్పేవారు. రిటైర్ అయ్యాక కూడా ప్రభుత్వం వదలలేదు, ఒక్కోసారి మూడు నాలుగు శాఖలు ఒకేసారి చూసుకున్నారు, ఫైళ్లు పేరుకోనిచ్చేవారు కాదని పేరు. గోయెంకాజీ ఆయన దగ్గరికి మైగ్రేన్ తగ్గించుకోవడానికి వెళ్తే, తలనొప్పి కోసమైతే రావద్దని మొదట వెనక్కి పంపారు కూడా. అంచేత ఆడిట్ ఉంది కాబట్టి సాధన కుదరదు అనే మాట మీ దగ్గర చెల్లదు, మీ శాఖవాడే ఈ దారి వేశాడు.

కర్రీపాయింట్_రమాదేవి | నిజాంపేట

పెద్దపెద్దవాళ్లు రాస్తున్నారు, నేను పెద్దగా చదువుకోలేదు, ఏదన్నా తప్పుంటే అనుకోకండి. మాది కర్రీ పాయింట్. పొద్దున నాలుగున్నరకల్లా బెండకాయలు తుడిచి తరగడం మొదలెడతాం, తడి ఉంటే జిగురొచ్చేస్తుంది. పదకొండుకల్లా పన్నెండు రకాలు ట్రేలలో ఉండాలి. నేను ధ్యానం గీనం ఎప్పుడూ చేయలేదు కానీ పోపు దగ్గర నా మనసు ఎక్కడికీ పోదు. నూనె కాగిందా, ఆవాలు చిటపటమన్నాయా, మినపప్పు ఎర్రగా తిరిగిందా, అప్పుడే ఎండుమిర్చి, అప్పుడే కరివేపాకు. ఒక్క క్షణం పక్కకి చూస్తే పప్పు మాడుతుంది, మాడిన పోపు వాసన అయిదు లీటర్ల సాంబారుకి పట్టేస్తుంది, ఆ రోజు బేరం పోయినట్టే.

పద్మా, నీకు అంత పనిలో ఎరుక లేదని ఎవరు చెప్పారు? లెక్క తప్పకుండా వేస్తున్నావంటే ఆ సేపు అక్కడే ఉన్నట్టు కదా.

ఇంకోటి. అప్పుల గురించి ఆలోచన నాకూ ఉంటుంది, చీటీ పాట, అమ్మాయి ఫీజు, షాపు అద్దె. రాత్రి షట్టర్ దించాక నోట్‌బుక్‌లో రాస్తా, ఎవరికి ఎంత, ఎప్పటికి. రాశాక మళ్లీ తల్లో పెట్టుకోను. ఒళ్లు బద్ధకమేసి రాయని రోజున మాత్రం తెల్లారేదాకా అవే అంకెలు తిరుగుతాయి. మాస్టారు చెప్పిన మొదటిది, రెండోది, నాకైతే ఆ నోట్‌బుక్ దగ్గరే తేడా వస్తుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తే మాత్రం నవ్వొస్తుంది. చెవికి ఫోన్ పెట్టుకుని వేలు చూపించి "అది" అంటారు, దోసకాయ పప్పు కట్టిస్తే ఇంటికెళ్లి సాంబారు అనుకున్నామండీ అని ఫోన్ చేస్తారు.

ప్రశ్నార్థకం

రమాదేవి గారు చెప్పింది నాకు ఈ చర్చలో అన్నిటికంటే బాగా అర్థమైంది. నోట్‌బుక్ సంగతి మా నాన్నకి చెప్తా.

అరుణగిరి_వాసి

రమాదేవి అమ్మకి నమస్కారం. నేను అరుణాచలం దగ్గరే ఉంటాను, ఊరు మాత్రం ఒంగోలు పక్కన. రమణాశ్రమంలో భగవాన్ రమణ మహర్షి చాలా ఏళ్లు తెల్లవారుజామునే వంటగదిలోకి వచ్చి కూరలు తరిగేవారు, చట్నీ రుబ్బేవారు, విస్తళ్లు కుట్టేవారు. కింద పడ్డ ఆవగింజని కూడా గోటితో ఏరి పెట్టేవారని ఆశ్రమంలో చెప్పుకుంటారు. పదహారేళ్ల వయసులో, 1896లో, మధురైలో చావు భయం వచ్చి, పరుగెత్తకుండా పడుకుని చచ్చేది ఎవరు అని చూసిన మనిషి ఆయన. సంసారం వదిలి వచ్చేస్తామని ఎంతోమంది అడిగితే, ఉన్నచోటే ఉండమని పంపించేసేవారు. అడవికి పోయినా మనసు వెంటే వస్తుంది కదా అని.

పద్మ గారూ, ఆలోచన రాగానే దాన్ని తోసేయకండి, వెంట పోకండి కూడా. ఈ ఆలోచన ఎవరికి వస్తోంది అని అడగండి. నాకు అని వస్తుంది. ఆ నేను ఎవరు అని అక్కడే ఆగండి. జవాబు చెప్పుకోకూడదు సుమా. ఫీజు బకాయిల లిస్టు వచ్చినా ఇదే ప్రశ్న. గిరిప్రదక్షిణలో పౌర్ణమికి పద్నాలుగు కిలోమీటర్లూ ఫోన్‌లో మాట్లాడుతూ నడిచేవాళ్లని ప్రతి నెలా చూస్తున్నాను, ఇక్కడికొచ్చినంత మాత్రాన ఏదో అయిపోతుందని కాదు నా ఉద్దేశం.

డల్లాస్_కిరణ్

ప్రశ్నార్థకం బ్రోకి సైన్సు కావాలంటే ఒకటుంది. 2010లో సైన్స్ పత్రికలో హార్వర్డ్ వాళ్లు, కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు, ఒక పేపర్ వేశారు. ఫోన్ యాప్ ద్వారా 2,250 మంది పెద్దవాళ్లని రోజులో ఏ వేళ పడితే ఆ వేళ అడిగారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా వేరే ఎక్కడన్నా ఉందా, ఎంత సంతోషంగా ఉన్నారు అని. 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు వేరే చోట ఉన్నప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. తమాషా ఏంటంటే, మనసు మంచి విషయాల మీదకి పోయినా కూడా, చేస్తున్న పని మీదే ఉన్నప్పటికంటే సంతోషం ఏమీ పెరగలేదు.

ప్రశ్నార్థకం

చూశాను ఆ పేపర్. వాళ్లు చెప్పుకున్న సంతోషం అది, ఎవరూ కొలిచింది కాదు. బాధగా ఉన్నందుకే మనసు పారిపోతుందేమో అని అడగొచ్చు, దానికి వాళ్లు ముందూ వెనకా కాలం చూసి మనసు తిరగడమే ముందొస్తోందని చూపించారు, ఆ మాట ఒప్పుకుంటా. అయినా ఆ 2010లో ఐఫోన్ ఉన్నవాళ్లు ఎవరో ఆలోచించండి. మా నాన్న అందులో లేడు. 😀

కౌన్సెలర్_విశాఖ

నేను సైకాలజిస్టుని, విశాఖలో ప్రాక్టీసు. చర్చ బాగుంది కానీ పద్మ గారు రాసిన ఒక ముక్కని అందరూ దాటేశారు. భర్త మాట్లాడుతుంటే తిరిగి మాట్లాడకుండా ఒంట్లో వేడి చూస్తూ కూర్చోవడం. అది ఎరుక అని ఆవిడ అనుకుంటున్నారు. బయటి నుంచి చూస్తే మౌనంగా అలగడానికీ దీనికీ తేడా కనపడదు. ఎదుటి మనిషికి అస్సలు కనపడదు.

పద్మ గారూ, కోపం వచ్చిందని గమనించడం మంచిదే. గమనించాక ఏం చేయాలో అది వేరే పని. "నాకిప్పుడు కోపం వచ్చింది, పదినిమిషాలాగి మాట్లాడతాను" అని నోటితో అనండి, ఆ పదినిమిషాలయ్యాక నిజంగా వెళ్లి మాట్లాడండి. ఆయన మాట్లాడేటప్పుడు మీ గమనం మీ గుండె మీద కాకుండా ఆయన ముఖం మీద పెట్టండి, ఏ మాట దగ్గర గొంతు మారుతోందో వినండి. ధ్యానంలో నేర్చుకున్న గమనమే అది, గురి మాత్రం లోపలి నుంచి బయటికి మార్చుకోవాలి. నా దగ్గరికొచ్చే దంపతుల్లో సాధన చేసేవాళ్లు ఉంటారు, ఇలా రాయిలా అయిపోయిన మనిషి గురించి రెండోవాళ్లు వచ్చి ఏడుస్తారు.

ఇంకా, ఇది పద్మ గారికి కాదు, చదివేవాళ్లందరికీ. రోజుకి పది గంటలు కళ్లు మూసుకుని కూర్చునే కోర్సులు అందరికీ కాదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, ఇదివరకు సైకోసిస్ వచ్చినవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా వెళ్లొద్దు. ఫారంలో మానసిక ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకి దాచకుండా రాయండి, సీటు రాదని దాచేస్తారు చాలామంది. అలాంటివాళ్లకి చిన్నచిన్న మోతాదుల్లో చేసే పద్ధతులున్నాయి. జాన్ కబాట్ జిన్ 1979లో అమెరికాలో ఆసుపత్రిలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల ప్రోగ్రామ్ అలాంటిదే, దీర్ఘకాలం నొప్పులతో బాధపడే రోగుల కోసం పుట్టింది. తోచక, నిద్ర లేక ఇబ్బంది పడుతుంటే 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పాత_సాధకుడు_హైద్

డాక్టర్ గారు చెప్పింది వంద శాతం నిజం. అణచుకోవడం ఒక చివర, విరుచుకుపడటం ఇంకో చివర, రెండూ వద్దని కోర్సులో కూడా చెప్తారు. మొదటిది చేస్తూ సాధన చేస్తున్నామనుకునేవాళ్లు మాలో బోలెడుమంది.

కౌన్సెలర్_విశాఖ

డాక్టర్ని కాదండీ, సైకాలజిస్టుని. మందులు రాయను. ఈ తేడా తెలియకే సగంమంది మందుల చీటీ కోసం నా దగ్గరికొస్తారు.

గోదారి_గౌరి

మా అత్తగారు బ్రహ్మకుమారీస్‌కి వెళ్తారు. వాళ్ల సెంటర్లో ‘ట్రాఫిక్ కంట్రోల్’ అని ఉంటుంది, మధ్యమధ్యలో పాట మోగుతుంది, మోగగానే చేస్తున్న పని ఆపి ఒక నిమిషం అలాగే ఉండిపోవాలి, ఆలోచనల ట్రాఫిక్ ఆపడానికట. ఆవిడ ఇంట్లో కూడా ఫోన్‌లో పెట్టుకున్నారు. నేను దోసె తిరగేస్తుంటే పాట మోగుతుంది, ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోతారు, మా పిల్లలు స్టాచ్యూ స్టాచ్యూ అని అరుస్తారు. మొదట చిరాకేసేది. ఇప్పుడు నేను కూడా ఆగుతున్నా, గ్యాస్ సిమ్‌లో పెట్టి.

సుబ్బరాయ_మాస్టారు | అమలాపురం

గౌరమ్మా, గ్యాస్ సిమ్‌లో పెట్టడం మర్చిపోకు. పద్మా, నిద్ర సంగతి చెప్పలేదు నువ్వు.

లెక్కల_పద్మ | గుంటూరు | ఆదివారం

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. మాస్టారూ, నిద్ర అయిదు గంటలు, అది కూడా ముక్కలు ముక్కలుగా. సాయంత్రం సిట్టింగ్ కోసం పదకొండింటికి కూర్చుంటున్నాను కదా, అది మానేసి పడుకుంటున్నా ఇప్పుడు. ఆడిట్ అయ్యాక చూస్తాను. పాత సాధకుడు గారు ఏమంటారో తెలియదు.

ఊ బా ఖిన్ గారి సంగతి నాకు నిజంగా తెలియదు, కోర్సులో పేరు విన్నానంతే. మా సెక్షన్‌లో సూపరింటెండెంట్‌కి చెప్తే, "అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ధ్యానమా, మనకి ఏజీ ఆఫీసు పేరు చెప్తేనే నిద్ర పట్టదు" అన్నారు.

విశాఖ మేడమ్ రాసింది చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను, దాచడం ఎందుకు. తర్వాత శుక్రవారం రాత్రి మా ఆయన, వాడు చదవడం లేదు, నువ్వు పట్టించుకోవడం లేదు అని మొదలుపెట్టారు. గుండె వైపు పోబోయి ఆయన ముఖం చూశాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం బయటికి కనిపిస్తోంది. అదేంటని అడిగాను. బీపీ మాత్రలు మార్చి రాశారట, నాలుగు రోజులైంది, నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు" అన్నారు. తర్వాత మేమిద్దరం బాగా పోట్లాడుకున్నాం, పాతరోజుల్లోలాగా. వాడు గదిలోంచి వచ్చి "మీరు ఆపితే నేను చదువుకుంటా" అనేదాకా.

పొద్దున సిట్టింగ్ మాత్రం మానలేదు. లిస్టు అలాగే వస్తోంది. రమాదేవి గారు చెప్పినట్టు కూర్చునే ముందు ఆ రోజు పనులు ఒక కాగితం మీద రాసి పక్కన పెడుతున్నా, కొంచెం తగ్గింది.

మదనపల్లె_కుర్రోడు

అక్కా, జేబులో కాగితం కనపడింది చూశావా, ఆ చూపుకి ఏ పద్ధతి పేరూ పెట్టకు.

పాత_సాధకుడు_హైద్

నేనేమంటానండీ, పడుకోండి. పదకొండింటికి కూర్చోవడం కంటే సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పావుగంట చూసుకోండి. ఆదివారం మీ ఊళ్లో కలిసి కూర్చునేవాళ్లు ఉంటే వెతకండి, ఒక్కరే ఉంటే రెండు మూడు నెలల్లో మొత్తం జారిపోతుంది, అది మాత్రం చూస్తూనే ఉన్నా.

కొత్తగా_చేరా

చర్చ మొత్తం చదివాను. నాకు అరవై ఒకటి, షుగరు ఉంది, మోకాళ్లు వంగవు. కోర్సుకి వెళ్లాలని ఉంది. కింద కూర్చోలేకపోతే కుర్చీ ఇస్తారా? రాత్రి భోజనం ఉండదంటున్నారు, మాత్రలు ఎలా? ఫీజు ఎంత?

పాత_సాధకుడు_హైద్

కుర్చీ ఇస్తారండీ, ఫారంలోనే మోకాళ్ల సంగతి రాయండి. మందులు ఆపక్కర్లేదు, ఏవి వాడుతున్నారో అది కూడా రాయాలి. కొత్తవాళ్లకి సాయంత్రం అయిదింటికి టీ, పండు, మరమరాల్లాంటిది ఇస్తారు, షుగరుకి ఇంకేమన్నా కావాలంటే ముందే మాట్లాడుకోండి, మీ డాక్టర్ని కూడా అడగండి. ఫీజు లేదు, భోజనం, బస అన్నీ పాత సాధకుల విరాళాలతోనే నడుస్తాయి. కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు, అది కూడా మీకు తోచినంత. హైదరాబాద్‌లో అయితే నాగార్జునసాగర్ రోడ్డులో గుర్రంగూడ దగ్గర ధమ్మఖేత్త ఉంది, సాగర్ దగ్గర ఇంకోటి ఉంది. సీట్లు త్వరగా నిండిపోతాయి, డేటు తెరవగానే అప్లై చేయండి.

కర్రీపాయింట్_రమాదేవి | నిజాంపేట

అన్నా, పది రోజులు షాపు మూసి నేను రాలేను. ఒకటి రెండు రోజులది ఏమన్నా ఉందా?

పాత_సాధకుడు_హైద్

పెద్దవాళ్లకి మొదటిసారి పది రోజులదే అమ్మా, చిన్న కోర్సులు అది చేసినవాళ్లకే. పిల్లలకి మాత్రం ఒక్కరోజు ఆనాపాన ఉంటుంది, శ్వాస చూడటం వరకే నేర్పుతారు. మీ అమ్మాయి వయసెంతో చెప్తే ఈ వేసవిలో ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని ఇక్కడే రాస్తాను.